పువ్వు మీద చూసినం, ఆకు కింద చూసినమా?

పోస్టు కొంచెం పెద్దగనే ఉంటది. తీరిక చేసుకొని చదవండి.

పోయిన వానాకాలం ఆఖర్ల ఒక ఆదివారం పొద్దున మేము తొమ్మిది మందిమి గోదావరిఖని నుంచి రామగిరి ఖిల్లాకు పోయినం. సెంటినరీ కాలనీ దగ్గరి బేగంపేట నుంచి గుట్ట ఎక్కే తొవ్వ మనలో చాలామందికి తెలిసిందే. శ్రావణమాసంల జనం కోట చూడటానికి ఎక్కుతరు. మందు మొక్కల కోసం బోటనీ స్టూడెంట్లు వస్తరు. మేము పోయింది కోట కోసం కాదు. ఆ గుట్ట మీద ఏమేం సీతాకోకచిలుకలు, పిట్టలు, జంతువులు ఉన్నయో మనమే చూసి, మనమే రాసుకుందామని పోయినం.

చేతుల ఫోన్లు, రెండు నోట్‌బుక్కులు, ఒక పాత బైనాక్యులర్. మాతోటి మా దోస్తు వాళ్ల తాత, వాళ్ల అమ్మ తండ్రి, కూడా వచ్చిండు. నాయకపోడు తాత. చిన్నప్పుడు ఆ గుట్ట చుట్టూ పశువులు కాసిన మనిషి.

చీకటితోనే లేచి పోయినం గానీ ఎనిమిదిన్నర దాకా ఒక్క సీతాకోకచిలుక కనపడలే. వాటి ఒంట్లో మనకున్నట్టు సొంత వేడి ఉండదు. రెక్కలు చాపి ఎండ కాగినంకనే ఎగురుతయి. ఎండ గుట్ట మీద పడ్డంక ఒక్కొక్కటే లేచినయి. తడి మట్టి ఉన్న కాడ ఏడెనిమిది గుంపుగ వాలి మట్టి పీలుస్తున్నయి. మట్టిలోని ఉప్పు కోసం ఎక్కువగ మగవి అట్ల వాలుతయి.

గంటన్నరల ఫోన్ యాప్ సాయంతోటి 17 రకాలు రాసినం. తాత ఒక్కదాని పేరు కూడ చెప్పలే. "అన్నీ సీతాకోకచిలుకలే కద బిడ్డా" అన్నడు. మాలో ఇద్దరు ముగ్గురం నవ్వినం. ఆ నవ్వు గురించే ఈ పోస్టు.

కొంచెం సేపటికి నల్ల రెక్కలు, ఎర్రటి ఒళ్లు ఉన్నదొకటి నేలకు దగ్గరగ తిరగబట్టింది. యాప్‌ల "క్రిమ్సన్ రోజ్" అని వచ్చింది. రాసుకొని ముందుకు పోతుంటే తాత ఆపిండు. "అది ఆడ్నే ఎందుకు తిరుగుతున్నదో చూసిండ్రా?" అని వంగి ఒక తీగ ఆకు తిప్పిండు. గాడిదగడప. ఆకు కింద ముదురు రంగు గొంగళిపురుగు, ఒళ్లంతా మెత్తటి ముళ్ల లెక్క బొడిపెలు. "దీని పిల్ల ఇది. ఈ జాతి తీగల మీద్నే బతుకుతది. పసరం కూడ ఈ ఆకు ముట్టదు, అంత చేదు" అన్నడు.

ఇంటికొచ్చి పుస్తకాలు చూస్తే తాత చెప్పింది అక్షరం పొల్లుపోలేదు. గాడిదగడప, ఈశ్వరి జాతి తీగల్లో విషం ఉంటది. ఆ విషం పురుగు ఒంట్లోకి పోయి, అది సీతాకోకచిలుక అయినంక కూడ ఉంటది. ఒకసారి తిన్న పిట్ట మళ్లీ దాని జోలికి రాదు. అందుకే అది అంత నెమ్మదిగ, భయం లేకుండ ఎగురుతది. దాన్ని చూసి కామన్ మార్మన్ అనే ఇంకో జాతిల కొన్ని ఆడవి అదే వేషం వేసుకుంటయి. రెక్కలు అట్లనే ఉంటయి గానీ ఒళ్లు ఎర్రగ ఉండదు. మేము ఆ పొద్దున రెండు మార్మన్లను రోజ్‌ల లెక్కల కలిపి రాసినం. యాప్ మోసపోయింది, మేమూ మోసపోయినం. తాతను అడిగితే "దాని పిల్ల నిమ్మ జాతి మీద ఉంటది, ఇది వేరే" అన్నడు. మార్మన్ గుడ్లు పెట్టేది నిమ్మ, కరివేపాకు జాతి చెట్ల మీదనే.

అక్కడి నుంచి మేము నోట్‌బుక్కుల ఇంకో గీత కొట్టినం. ఒక దిక్కు సీతాకోకచిలుక, ఇంకో దిక్కు దాని ఆకు. జిల్లేడు మీద ప్లెయిన్ టైగర్. రేల, తంగేడు మీద లేత పసుపు, తెలుపు ఎమిగ్రెంట్లు. మారేడు మీద లైమ్ బటర్‌ఫ్లై. ఆముదం మీద కామన్ కాస్టర్. మామిడి మీద కామన్ బారన్. 17 రకాల్లో 11 రకాలకు తాత ఆకు చూపించిండు. మాకు పేర్లు తెలుసు, చెట్లు తెల్వదు. తాతకు చెట్లు తెలుసు, ఆ ఇంగ్లిష్ పేర్లు తెల్వదు. ఎవరి నోట్‌బుక్కు చూసినా సగమే ఉన్నది.

ఇగ తునికి చెట్టు కాడికొచ్చినం. మనలో ఎన్ని ఇండ్లల్ల ఎండాకాలం తునికాకు తెంపి, 50 ఆకులకొక కట్ట కట్టి, కల్లంల పోసి ఫీజులు కట్టలేదు? మా తొమ్మిది మందిల ఆరుగురం అట్ల చదివినోళ్లమే. ఆ తునికాకు నడుమ ఈనె మీద, ఆకులో ఆకై పండుకొని ఉన్నది ఒక పచ్చటి పురుగు. రెండు పక్కల ఈకల లెక్క సాగిన ముళ్లు. చెయ్యి పెట్టేదాక పురుగని తెల్వదు. అది పెద్దగైతే నారింజ రంగు రెక్కల మీద నల్ల గీతలున్న సీతాకోకచిలుక అయితది. దానికి పుస్తకాల్లో ఉన్న పేరు బారోనెట్.

బారోనెట్ అంటే ఏందో తెలుసా? ఇంగ్లండ్‌ల రాజు ఇచ్చే బిరుదు, తండ్రి తర్వాత కొడుక్కు వచ్చేది. బ్రిటిషోళ్ల కాలంల మన దేశపు సీతాకోకచిలుకలకు దొరల బిరుదులు, పట్టాలం హోదాలు పేర్లుగ పెట్టిండ్రు. బారన్, ఎర్ల్, డచెస్, కమాండర్, సార్జెంట్. మన తునికాకు తిని పెరిగే జీవికి పరాయి దొర బిరుదు ఉన్నది. మన ఏ భాషల దాని పేరు ఏ పుస్తకంల ఉన్నది? మహారాష్ట్ర 2015ల బ్లూ మార్మన్‌ను రాష్ట్ర సీతాకోకచిలుకగా ప్రకటించింది, దేశంల అదే మొదలు. కేరళ 2018ల ఇంకోదాన్ని ప్రకటించింది, దాన్ని వాళ్ల భాషల "బుద్ధమయూరి" అని పిలుచుకుంటరు. పేరు పెట్టుకున్నోళ్లు దాన్ని తమదనుకుంటరు.

ఇప్పుడు అసలు సంగతి. గుట్ట పైనుంచి చూస్తే ఓపెన్‌కాస్టుల మట్టి గుట్టలు కనపడతయి. బొగ్గు మీదున్న మట్టి, రాయి తీసి పోస్తే అయిన గుట్టలు అవి. మన పెద్దలు ఓపెన్‌కాస్టులను బొందలగడ్డలు అన్నరు. ఇప్పుడు ఆ డంపుల మీద మొక్కలు పెడుతున్నరు. 2015ల హరితహారం మొదలైనంక మొక్కల లెక్కలు ఇంకా పెద్దగైనయి. దిగి వచ్చేటప్పుడు ఒక డంపు కింద రోడ్డు పక్కన ఆగినం. డంపు మీదకు ఎక్కలే. ఎవరూ ఎక్కొద్దు, మట్టి జారుతది, బ్లాస్టింగ్ ఉంటది.

రోడ్డు పక్కన లాంటానా కంప మస్తుగ పూసి ఉన్నది. దాని మీద సీతాకోకచిలుకలే సీతాకోకచిలుకలు. గుట్ట మీద కన్నా ఎక్కువ కనపడ్డయి. మాలో ఒకామె "చూసిండ్రా, డంపు మీద కూడ అడవి వచ్చింది" అన్నది. ఫోటోలు కూడ మంచిగొచ్చినయి. తాత ఏం అనకుండ ఒక్కో చెట్టు ఆకు తిప్పుకుంట పోయిండు. లాంటానా ఆకు కింద ఏం లేదు. జామాయిల్ ఆకు కింద ఏం లేదు. ఒక కానుగ చెట్టు కొత్త చిగురు మీద చిన్న చిన్న పురుగులు దొరికినయి. అంతే.

లాంటానా బయటి దేశం నుంచి వచ్చిన కంప. జామాయిల్ ఆస్ట్రేలియా నుంచి వచ్చిన చెట్టు. పువ్వుల తేనె చాలా సీతాకోకచిలుకలు తాగుతయి, ఎక్కడి పువ్వైనా తాగుతయి. పిల్లను పెంచటానికి మాత్రం దానికి తన ఆకే కావాలె. పువ్వు మీద వాలింది చుట్టం. ఆకు తినేది ఇంటి మనిషి. చుట్టాలు ఎక్కువొచ్చిండ్రని ఇల్లు నిలబడ్డట్టు కాదు. ఆ డంపు మీద కనపడ్డవన్నీ పక్క గుట్ట మీద పుట్టి, ఇక్కడ తేనె తాగిపోయేటివి కావచ్చు. గుట్ట పోతే డంపు మీద పువ్వుంటది, వాలేటందుకు ఏం ఉండదు.

అందుకే మేము అనేది: మొక్కలు ఎన్ని పెట్టిండ్రు అనే లెక్క సరిపోదు. ఏ మొక్కలు పెట్టిండ్రు, వాటి ఆకుల కింద ఏం బతుకుతున్నది అనేది లెక్క కావాలె. కానుగ పెట్టినకాడ పురుగు దొరికింది కద. ఆ మంచి పనిని మంచి అనే అంటం. అట్లనే రేల, మారేడు, తునికి, మద్ది, మోదుగ, తంగేడు పెట్టమని అడుగుదం. మద్ది చెట్టు విలువ మహదేవపూర్, చెన్నూరు దిక్కు మనోళ్లను అడగండి. దసలి పట్టు పురుగు బతికేది మద్ది ఆకు మీదనే. సీతాకోకచిలుకకు అది రాత్రిపూట తిరిగే చుట్టం, మనోళ్లకు కూలి.

సింగరేణి పరాయి కంపెనీ కాదు. 1889ల ఇల్లందు దగ్గర తవ్వకం మొదలైంది. 1920ల కంపెనీకి సింగరేణి పేరు వచ్చింది. ఇయ్యాల రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా. అంటే జనం సొమ్ము. మా తొమ్మిది మందిల ఇద్దరి నాయినలు ఆ గనుల్లోనే కాంట్రాక్టు కార్మికులు. ఆ జీతంతోటే పెరిగినం. అందుకే దుమ్మెత్తి పోయటానికి రాయట్లేదు. మన ఇంటిని మనం అడిగినట్టు అడుగుదమంటున్నం.

ఇంకో సంగతి చెప్పక తప్పదు. అంతకుముందు ఒకసారి కెమెరాలు పట్టుకొని కొందరు వచ్చిండ్రు. ఎవరనేది వద్దు. మేము తొవ్వ చూపించినం, తాత రోజంతా చెట్లు చూపించిండు, మందులు కూడ చెప్పిండు. పొద్దుగూకినంక అన్నం ప్యాకెట్లు మోసినందుకని చెప్పి రెండు వందలు చేతుల పెట్టిండ్రు. తర్వాత వాళ్ల రిపోర్టు చూసినం. ఫోటోలు తీసినోళ్ల పేర్లున్నయి, బండి ఇచ్చినోళ్ల పేర్లున్నయి. తాత గురించి "స్థానికుల సహకారంతో" అని రెండు ముక్కలు. తాతకు చదువు రాదు, చదివి వినిపించినం. "పోనీ తీ బిడ్డా" అన్నడు. మాకు మాత్రం పోలేదు. ఆ మనుషుల మీద కోపం కొంత, మా మీద ఎక్కువ. ఆ రోజు నోట్‌బుక్కు మా చేతుల లేదు. ఉంటే ఆ లెక్క మనది అయ్యేది.

నోట్‌బుక్కు మన చేతుల ఉండాలె అనేది ఉత్త ముచ్చట కాదు, చట్టంల ఉన్నది. పెద్దపల్లి జిల్లా 5వ షెడ్యూల్ ప్రాంతం కాదు. కాబట్టి 1996 పెసా చట్టం మనకు ఇక్కడ పనికి రాదు. చాలామంది ఇక్కడ్నే ఆగిపోతరు, "మనకు హక్కు లేదు" అనుకుంటరు. కానీ 2002 జీవవైవిధ్య చట్టానికి షెడ్యూల్ ప్రాంతంతో పని లేదు. దాని 41వ సెక్షన్ ప్రకారం ప్రతి స్థానిక సంస్థ, పంచాయతీ అయినా మున్సిపాలిటీ అయినా, జీవవైవిధ్య కమిటీ వెయ్యాలె. ఆ కమిటీ స్థానిక జనాన్ని అడిగి ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ తయారు చెయ్యాలె. ఆ ఊళ్లె ఏ చెట్లు, ఏ జీవాలు ఉన్నయి, వాటి గురించి జనానికి ఏం తెలుసు అనేది అందుల రాయాలె. 2006 అటవీ హక్కుల చట్టం 3(1)(కె) సెక్షన్ జీవవైవిధ్యం మీద మన సంప్రదాయ జ్ఞానానికి సమాజం మొత్తానికి హక్కు ఇచ్చింది. ఆ చట్టం షెడ్యూల్ ప్రాంతం బయట కూడ వర్తిస్తది.

రిజిస్టర్ ఎందుకు పనికొస్తది? కొత్త గని వచ్చినా, ఉన్న గని పెద్దగ చేసినా పర్యావరణ అనుమతి కావాలె. దానికోసం చేసే నివేదికల గని చుట్టూ 10 కిలోమీటర్ల దాక ఉన్న చెట్లు, జంతువుల జాబితా పెడుతరు. 2006 నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ జరగాలె, 30 రోజుల ముందు నోటీసు ఇయ్యాలె. ఆ సభల మనం మైకు పట్టుకొని "మా గుట్ట మీద మస్తు జీవాలున్నయి సార్" అంటే గాలిమాట అయితది. "ఫలాన తేదీ, ఫలాన చోట, ఫలాన ఆకు మీద ఈ పురుగు చూసినం, ఇగో ఫోటో, ఇగో పంచాయతీ రిజిస్టర్‌ల పేజీ" అంటే అది కాగితం. కాగితాన్ని పక్కకు పెట్టాలంటే కూడ వాళ్లు ఇంకో కాగితం రాయాలె.

కొందరు అన్నలు అంటరని తెలుసు: "పోడు పట్టాలు రాలేదు, స్కాలర్‌షిప్పులు పెండింగ్, నౌకర్లు లేవు, ఇప్పుడు సీతాకోకచిలుకలా?" ఆ మాట తప్పు కాదు. మేమూ ఆ ధర్నాలకు వచ్చినోళ్లమే, మళ్లీ వస్తం. కానీ జల్, జంగల్, జమీన్ అని నినాదం ఇచ్చేటప్పుడు నడుమ మాట జంగల్. ఆ జంగల్‌ల ఏమున్నదో మనకే తెల్వకపోతే దేని కోసం కొట్లాడుతున్నట్టు? హాస్టల్లల్ల పదేండ్లు చదివి వచ్చిన మనం తాతను చూసి నవ్వినం. మనల్ని ఎవ్వరూ నవ్వమనలే. అది మన చదువులోనే వచ్చింది. పట్టా ఈ ఏడు రాకపోతే వచ్చే ఏడు కొట్లాడి తెచ్చుకోవచ్చు. తాత తలకాయల ఉన్నది తాతతోటే పోతది, దానికి అప్పీలు లేదు.

కాబట్టి మేము ఇవి చేద్దమనుకుంటున్నం. మీరూ మీ ఊళ్లల్ల చెయ్యండి.

ఒకటి. మీ పంచాయతీల, లేదంటే మున్సిపాలిటీల, జీవవైవిధ్య కమిటీ ఉన్నదా, రిజిస్టర్ ఉన్నదా అడగండి. చూపించకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి, 30 రోజులల్ల జవాబు ఇయ్యాలె. ఉన్న రిజిస్టర్‌ల మీ గుట్ట, మీ చెరువు, మీ పెద్దల మాట ఉన్నదా చదవండి.

రెండు. సీతాకోకచిలుకలు చూడబోతే రెండు గీతల నోట్‌బుక్కు పెట్టండి. ఒక దిక్కు జీవి, ఒక దిక్కు ఆకు. తేదీ, చోటు రాయండి. గోండిల, కోయల, కొలామిల, లంబాడీల, నాయకపోడు ఇండ్లల్ల దాన్ని, దాని చెట్టును ఏమంటరో పెద్దలను అడిగి రాయండి. పేరు లేకపోతే మీరే కల్పించి రాయకండి, "పేరు దొరకలే" అని రాయండి. అది కూడ నిజమే.

మూడు. పట్టొద్దు, వలలు వెయ్యొద్దు, సూదులు గుచ్చొద్దు. 1972 వన్యప్రాణి చట్టం పాత జాబితాల క్రిమ్సన్ రోజ్ పులి ఉన్న మొదటి షెడ్యూల్‌లోనే ఉండె. జాబితాలు తర్వాత మారినయి. జాబితాల ఉన్నా లేకున్నా మన పని చూసుడు, రాసుడు వరకే. ఆకు తిప్పినంక మళ్లీ ఎట్లున్నదో అట్ల పెట్టండి.

నాలుగు. పెద్దలు చెప్పిన మందుల సంగతి వాళ్లను అడగకుండ ఎక్కడా పెట్టొద్దు. ఈ గ్రూపుల కూడ పెట్టొద్దు. చెట్టు పేరు వేరు, మందు వేరు. ఎవరు చెప్పిండ్రో వాళ్ల పేరు రాయాల్నా వద్దా అనేది వాళ్ల ఇష్టం. మా తాతను అడిగినం. "రిజిస్టర్‌ల రాయండి, ఫోన్ల వద్దు" అన్నడు. అందుకే ఇక్కడ ఆయన పేరు లేదు.

అయిదు. డంపుల మీద పెట్టే మొక్కల జాబితాల స్థానిక చెట్లు పెంచాలని ఒక వినతిపత్రం రాస్తున్నం. ఏ ఆకు మీద ఏ జీవి బతుకుతదో మా 11 రకాల పట్టిక దానికి జత చేస్తం. మీ ఊరి పట్టిక కూడ కలిస్తే బరువు పెరుగుతది.

ఆ రోజు గుట్ట మీద నెమళ్ల అరుపు విన్నం, కొండముచ్చులను చూసినం, ఎవరో తవ్విన చెదలపుట్ట చూసినం. తాత ఎలుగు పని అన్నడు. అవన్నీ కూడ రాసినం. కానీ నోట్‌బుక్కుల మాకు బాగ నచ్చిన పేజీ తునికి చెట్టుది. ఎన్ని ఎండాకాలాలు ఆ ఆకు తెంపినం, కట్ట కట్టినం. దాని మీద ఎవరు బతుకుతున్నరో ఒక్కసారి చూడలే.

వచ్చే నెల రెండో ఆదివారం మళ్లీ పోతున్నం. వచ్చేటోళ్లు ఒక్కొక్కరు మీ ఇంటి నుంచి ఒక పెద్దమనిషిని వెంట తీసుకొని రండి. తాతైనా, అమ్మమ్మైనా, మేకలు కాసిన మామైనా సరే. వాళ్ల బస్సు కిరాయి, సద్ది మేము చూసుకుంటం. ఫోను ఛార్జింగ్ లేకున్నా పర్వాలేదు.

జోహార్.